పెరట్లో బాయిలర్ కోడి: డెల్టాలో లెక్క తప్పేది తడి దగ్గరే

గోదావరి డెల్టాలో కోడి పెంపకం ఎవరూ కొత్తగా నేర్చుకోవలసిన పని కాదు. తెల్లారి గూడు తలుపు తీస్తే కోళ్ళు బయటికి పోతాయి. కొబ్బరి మొదళ్ళలో, గడ్డివామి చుట్టూ, పెంటకుప్ప మీద ఏరుకు తింటాయి. పొద్దుగూకితే వాటంతట అవే గూటికి చేరతాయి. గుప్పెడు నూకలు, ముంతెడు నీళ్ళు తప్ప ఇంటివాళ్ళు పెట్టే ఖర్చు పెద్దగా ఉండదు. నాటు కోడితో తరతరాలుగా వచ్చిన ఈ అలవాటే, బాయిలర్ పిల్లలు తెచ్చుకున్నవారిని ముంచుతోంది. చూడ్డానికి రెండూ కోళ్ళే అయినా నాటు కోడి పెరట్లో ఉండే జీవం, బాయిలర్ మాత్రం పంట. నాట్లు వేసిన రోజునే కోత రోజు తెలిసిపోయే పంట.

పేరు సంగతి కూడా ఒక మాట. అసలు మాట బ్రాయిలర్, అంటే నిప్పుల మీద కాల్చుకు తినడానికి పనికొచ్చే లేత కోడి. మన దగ్గర దాన్ని కాల్చేవాళ్ళు తక్కువ, ఇగురు పెట్టేవాళ్ళే ఎక్కువ. మధ్యలో ఉన్న ‘ర’ వత్తు ఎప్పుడో రాలిపోయి బాయిలర్ అయింది. ఊళ్ళో అందరూ అనేది అదే కాబట్టి ఇక్కడా అదే.

గుడ్డులోంచి వచ్చిన రోజు బాయిలర్ పిల్ల బరువు 40 గ్రాముల పైచిలుకు. వారం తిరిగేసరికి దానికి నాలుగు రెట్లవుతుంది. మంచి మేత, మంచి గాలి దొరికితే 35 నుంచి 40 రోజుల్లో రెండు కిలోలు తూగుతుంది. ఇంత వేగం చూసి ‘ఇంజెక్షన్లు వేసి పెంచుతారు’ అనే మాట ఊరూరా పాకింది. అది నిజం కాదు. ఎదుగుదల హార్మోను ప్రోటీన్ జాతిది, మేతలో కలిపితే కడుపులోనే అరిగిపోతుంది. వేలకు వేల కోళ్ళకు రోజూ సూది వేసే ఓపిక, డబ్బు ఏ ఫారానికీ ఉండవు. వేగం ఉన్నది జాతిలో. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 1957 నాటి మాంసపు కోడి జాతిని, 2005 నాటి జాతిని పక్కపక్కన పెట్టి ఒకే మేతతో పెంచి, ఆ ఫలితాలను 2014లో ప్రచురించారు. 56 రోజులకు పాత జాతి 905 గ్రాముల దగ్గర ఆగితే, కొత్తది నాలుగు కిలోలు దాటింది. మేత ఒకటే కనుక తేడా అంతా తరతరాలుగా ఏరి కలిపిన విత్తనానిదే. మందుల విషయంలో భయం వేరు, దానికి ఆధారం ఉంది. యాంటీబయాటిక్స్‌ను అవసరం లేకుండా మేతలో వాడటం నిజంగా జరిగిన పనే. కొలిస్టిన్ అనే మందును కోళ్ళకు, పశువులకు వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది కూడా. ఇంట్లో పెంచుకుంటే ఏ మందు వేశామో, ఎన్నాళ్ళ కిందట వేశామో మనకు తెలుస్తుంది. ఇంటి పెంపకానికి ఉన్న గట్టి కారణం ఇదే అనుకోవచ్చు. డబ్బు మిగులుతుందన్నది అంత గట్టి కారణం కాదు, ఎందుకో కింద లెక్కలో తేలుతుంది.

డెల్టా అంటే వరి. వరి అంటే నూకలు, తవుడు, ఊక. ఇవన్నీ ఇంటి ముందే దొరుకుతుంటే మేత బస్తా కొనడం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. నూకల్లో శక్తి ఉంది, ఆ విషయంలో మొక్కజొన్నకు తీసిపోవు. లేనిది మాంసకృత్తులు. నూకల్లో అవి సుమారు 8 శాతం, తవుడులో 12, 13 శాతం ఉంటాయి. రెండూ ఎలా కలిపినా 10 దగ్గరే తిరుగుతుంది. బాయిలర్ పిల్లకు మొదట్లో 22, 23 శాతం కావాలి, ఆఖర్లో కూడా 19కి తగ్గకూడదు. అందుకే కంపెనీ మేతలో మొక్కజొన్నతో పాటు సోయా చెక్క అంత ఎక్కువగా ఉంటుంది. నూకల మీద పెంచిన బాయిలర్ చావదు కానీ ఎదగదు. 40 రోజుల్లో కావలసిన బరువుకు 70, 80 రోజులు పడుతుంది, ఆ అదనపు రోజులన్నీ ఒళ్ళు నిలబెట్టుకోవడానికే తింటుంది. చవక మేత చివరికి ఖరీదైన మేత అవుతుంది. ఎండు చేపల పొడి కలిపితే సరిపోతుంది కదా అనేవాళ్ళున్నారు. ఉప్పు వేసి ఎండబెట్టిన చేప ఎక్కువైతే కోళ్ళు విపరీతంగా నీళ్ళు తాగుతాయి, రెట్ట పల్చబడుతుంది, గూడంతా తడవుతుంది. ఆఖరి వారంలో పెడితే మాంసానికీ ఆ వాసన పడుతుంది.

ఇప్పుడు లెక్క. ధరలు ఊరికీ ఊరికీ, వారానికీ వారానికీ మారతాయి కాబట్టి ఇవి ఊహ అంకెలే. 20 పిల్లలు వేశామనుకుందాం. పిల్ల 40 రూపాయల చొప్పున 800. కంపెనీ ఫారాల్లో కిలో బరువుకు కిలోన్నర, కిలో ఆరు వందల గ్రాముల మేత చాలు. ఇంట్లో ఒలికిపోయేది, ఎలుకలు తినేది కలిపి కోడికి మూడున్నర కిలోలు వేసుకోవాలి. అంటే 70 కిలోలు, కిలో 42 చొప్పున 2,940. టీకాలు, ఊక, బల్బు కలిపి 300. మొత్తం 4,040. రెండు పిల్లలు పోయి 18 మిగిలి, ఒక్కోటి రెండు కిలోలు తూగితే 36 కిలోలు. తోలు తీసి కోస్తే మాంసం అందులో సుమారు 65 శాతం, అంటే 23 కిలోల పైమాట. కిలో మాంసం 172, 173 రూపాయలు పడినట్టు. మన కష్టం ఇందులో లేదు. కొట్లో కిలో 240 ఉన్న నెలలో ఇది లాభంగా కనబడుతుంది, 180కి దిగిన నెలలో కొనుక్కోవడమే సుఖం. ఇక ఆఖరి వారంలో మరో ఐదు చచ్చిపోతే, 13 కోళ్ళ మీద అదే ఖర్చు పడి కిలో 240 దగ్గరికి చేరుతుంది. బాయిలర్ ఆఖరి వారంలో తినేది మొదటి మూడు వారాల్లో తిన్నదానికి ఇంచుమించు సమానం. అందుకని నాలుగో రోజు చచ్చిన పిల్లకూ, ముప్పై ఆరో రోజు చచ్చిన కోడికీ ఖర్చులో పోలిక లేదు. దురదృష్టం ఏమిటంటే, డెల్టాలో చావులు ఎక్కువగా వచ్చేది ఆ ఆఖరి రోజుల్లోనే.

అసలు శత్రువు తడి

ఎండలంటారు, తెగులంటారు కానీ ఈ నేల మీద రెండింటికీ వెనకాల ఉన్నది తడి. నీళ్ళ లెక్క వేస్తే ఇది తేలిపోతుంది. బాయిలర్ తిన్న మేతకు దాదాపు రెట్టింపు నీళ్ళు తాగుతుంది. ఒక్కో కోడి 40 రోజుల్లో ఆరు లీటర్లు తాగుతుందనుకుంటే, 20 కోళ్ళు 120 లీటర్లు. రెండు కిలోల కోడి ఒంట్లో నిలిచే నీరు లీటరున్నర లోపే. అంటే 20 కోళ్ళ ఒళ్ళలో ఉన్నది 30 లీటర్లు దాటదు. మిగతా 90 లీటర్లు రెట్టగానో, ఊపిరిగానో ఆ 20, 25 చదరపు అడుగుల చోటులోనే బయటపడాలి. అనంతపురంలోనో కర్నూలులోనో అయితే పొడిగాలి వచ్చి సగం పని చేసిపెడుతుంది. కాలువలు, చేలు, చేపల చెరువులు, వెనకాల సముద్రం ఉన్న కోనసీమలో, భీమవరం పక్క పల్లెల్లో గాలికే తల నిండా నీళ్ళు. అది ఊకలోని తడిని పీల్చుకోదు. పైగా కింద నల్లటి బంకమన్ను, అడుగు తవ్వితే చెమ్మ.

తడిసిన ఊకలో రెండు పనులు జరుగుతాయి. రెట్టలోని నత్రజని కుళ్ళి అమ్మోనియా వాయువు లేస్తుంది. మనిషి నిలబడి చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే కోడి ముక్కు ఉండేది నేలకు జానెడు ఎత్తులో. గూట్లో గొంతుక్కూర్చుని రెండు నిమిషాలుంటే కళ్ళు మండుతాయి. అలా మండాయంటే కోళ్ళు ఎప్పటినుంచో ఆ గాలే పీలుస్తున్నాయని అర్థం. శ్వాస గొట్టం దెబ్బతింటుంది, ఆ వెనక జలుబు, గురక, తెగుళ్ళు. రెండోది రక్తపారుడు. కాక్సీడియా అనే సూక్ష్మజీవి గుడ్లు రెట్టతో బయటపడినప్పుడు వెంటనే ప్రమాదం కాదు. వెచ్చదనం, తేమ దొరికితే ఒకటి రెండు రోజుల్లో అవి తయారై, మళ్ళీ కోడి కడుపులోకి పోయి పేగులు కోసేస్తాయి. ఊక పొడిగా ఉంటే చాలావాటికి ఆ అవకాశమే రాదు. చాలా కంపెనీ మేతల్లో దీన్ని అణచే మందు ముందే కలిసి ఉంటుంది. బస్తా మానేసి నూకలకు దిగినవారు ఎదుగుదలతో పాటు ఆ రక్షణనూ పోగొట్టుకుంటారు, ఆ సంగతి మాత్రం వాళ్ళకు తెలియదు.

కాబట్టి డెల్టాలో గూడు కట్టడం అంటే మొదట మెరక చేయడం. అడుగు, అడుగున్నర ఎత్తు అరుగు, దాని మీద సిమెంటు. అది కుదరకపోతే మందంపాటి టార్పాలిన్ పరిచి, పైన రెండు మూడు అంగుళాల ఊక. ఊక మిల్లులో బస్తాలెక్కన దొరుకుతుంది. కోనసీమలో కొబ్బరి పీచు యూనిట్ల దగ్గర పొట్టు కూడా చవకే, నీళ్ళు బాగా పీలుస్తుంది. కానీ పీల్చిన నీటిని వదలదు, ఉక్కపోత నెలల్లో బూజు పడుతుంది. ఊకే నయం. ఊక స్థితి చూడటానికి గుప్పిట పట్టి నొక్కితే చాలు. వదలగానే విడిపోతే బాగున్నట్టు, ఉండలా నిలిస్తే తడి ముదిరినట్టు. రోజూ పొద్దున్న ఒకసారి తిరగేయాలి, అట్ట కట్టిన చోట తీసి పారేసి కొత్తది వేయాలి, మరీ తడిగా ఉంటే కాస్త పొడి సున్నం చల్లి కలపాలి. రెట్టతో పాటు ఊకను తడిపేది నీళ్ళ డబ్బా నుంచి ఒలికేది. డబ్బా అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి. పక్షి వారం వారం పెరుగుతుంది కాబట్టి కింద పెట్టే ఇటుకలూ వారం వారం పెరగాలి. ఇంత చిన్న పని చేయక చెడిన గూళ్ళు ఎన్నో.

చలికి భయపడి గోనె పరదాలు నాలుగు వైపులా బిగించేయడం ఇంకో పొరపాటు. వెచ్చగా ఉంటుందని చేసిన పని ఆవిరిని లోపలే బంధిస్తుంది. పరదా కింద నుంచి పైకి కట్టి, పైన అడుగు జాగా ఎప్పుడూ వదలాలి. మేత బస్తాకూ ఇదే చెమ్మ శత్రువు. నేల మీద, గోడకు ఆనించి పెట్టిన బస్తా వారంలో అడుగున బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే ఆఫ్లాటాక్సిన్ కోడి కాలేయాన్ని తినేస్తుంది, టీకాలు కూడా సరిగా పట్టవు. చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టడమే దీనికి మందు.

ఎండ సంగతిలోనూ తడిదే పెత్తనం. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి, నోటిలోని తడిని ఆవిరి చేసి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. చుట్టూ గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆ ఆవిరి సరిగా లేవదు. రాయలసీమలో 40 డిగ్రీలకు తట్టుకున్న కోడి, అమలాపురం పక్కన 37కే పడిపోవడానికి కారణం ఇదే. పైగా తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అది తిన్న నాలుగైదు గంటలకు ముదురుతుంది. పదింటికి కడుపు నిండా తిన్న కోడికి రెండింటికి లోపలి వేడి, బయటి వేడి కలుస్తాయి. అందుకే వేసవిలో పొద్దున తొమ్మిది లోపే మేత తీసేసి, సాయంత్రం చల్లబడ్డాక పెడతారు. బరువు పెరిగేకొద్దీ ఈ బాధ పెరుగుతుంది. పిల్లలు ఎండను ఓర్చుకుంటాయి, కోతకు వచ్చిన కోళ్ళే పోతాయి. తాటాకు కప్పు, దాని మీద తడి గోనెలు వేస్తే కొంత మేలు. గూడు లోపల నీళ్ళు చల్లడం మాత్రం ఇక్కడ చేయకూడని పని, ఉన్న తేమ చాలదన్నట్టు ఇంకాస్త కలిపినట్టవుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న రోజుల్లో ఐదు వారాల బాయిలర్ గూట్లో ఉండేలా బ్యాచ్ వేయడం తెలిసి తెలిసి చేసే తప్పు.

కార్తీకం నుంచి కనుమ దాకా

మరి ఎప్పుడు వేయాలి? ఇక్కడి పంచాంగమే జవాబు చెబుతుంది. కార్తీక మాసంలో చాలా ఇళ్ళు మాంసం ముట్టవు. అది నవంబరు రెండో పక్షంలోనో డిసెంబరు మొదటి పక్షంలోనో ముగుస్తుంది. కనుమ జనవరి 15నో 16నో వస్తుంది. వెనక్కి 40 రోజులు లెక్కపెడితే డిసెంబరు మొదటి వారం. అప్పుడు వేసిన పిల్లలు కనుమ, ముక్కనుమలకు సరిగ్గా రెండు కిలోలు తూగుతాయి. ఆ నెలన్నర డెల్టాలో ఏడాదిలో కెల్లా ఉక్క తక్కువ, వాన తక్కువ. పండక్కి కొట్లో చికెన్ రేటు ఎక్కే రోజులూ అవే. ఫారాలవాళ్ళూ అదే లెక్క వేస్తారు కాబట్టి పిల్లలకు గిరాకీ ఉంటుంది, ముందే చెప్పి పెట్టుకోవాలి.

ఈ కాలానికి ఉన్న చిక్కు మొదటి రెండు వారాలే. పిల్లలకు మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. బయట రాత్రి 20కి దిగుతుంది. పిల్లకు రెండు వాట్ల లెక్కన 20 పిల్లలకు 40 వాట్ల బల్బు, గూడు చల్లగా ఉంటే 60. ఇక్కడో కొత్త తంటా వచ్చింది. ఇళ్ళలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీలే, వాటి కింద వెలుగే తప్ప వేడి ఉండదు. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెతికి కొనాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుట్టగా చేరితే చలి, దూరంగా పోయి రెక్కలు దించితే వేడి, అంతటా చెదిరి తింటూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. తుపాను వస్తే కరెంటు పోతుంది, డిసెంబరులో కూడా వస్తాయి. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. అలాంటి రాత్రి వేడినీళ్ళు పోసిన సీసాలకు గుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టడం బొగ్గుల కుంపటి కన్నా మేలు. మూసిన గూట్లో కుంపటి పొగ చలి కన్నా ముందు చంపుతుంది.

టీకాల్లో తప్పనివి రెండు. కొక్కెర తెగులుకు ఐదారు రోజుల వయసులో లసోటా అనే టీకా కంటి చుక్కగా, గంబోరో అనే తెగులుకు రెండో వారం ఆఖర్లో ఒకటి, మూడు నాలుగు వారాల మధ్య లసోటా మరోసారి. సీసా వందల డోసుల్లో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. 20 పిల్లలకు ఒక సీసా విప్పడం దండగే. పిల్లలు కూడా వాటిని పొదిగించే హేచరీ నుంచి వంద పెట్టెగానే వస్తాయి. అందుకని నాలుగైదు ఇళ్ళు కలిసి ఒక పెట్టె దించుకుని, ఒకే రోజు టీకా వేసుకోవడం అన్ని విధాలా కలిసొస్తుంది. నీళ్ళలో కలిపి ఇచ్చే టీకాకు క్లోరిన్ వేసిన కుళాయి నీళ్ళు పనికిరావు, మందు అందులోనే చచ్చిపోతుంది.

నాటు కోళ్ళున్న ఇంట్లో బాయిలర్లు పెడితే రెండింటి మధ్య గోడ ఉండాలి, చెప్పులు కూడా వేరుండాలి. నాటు కోడి పైకి బాగానే ఉండి తెగులు మోస్తుంది. బాయిలర్‌కు ఆ ఓర్పు లేదు. ఇక సంక్రాంతి అంటే పందెం కోళ్ళు ఊళ్ళు దాటే కాలం. బరి నుంచి వచ్చిన పుంజును, అది డేగైనా కాకైనా, రెండు వారాలు వేరుగా కట్టడం అవసరం. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. ఇలాంటప్పుడు చుట్టూ కిలోమీటరు మేర ఉన్న కోళ్ళను చంపేయడం నియమం, అందులో పెరటి కోళ్ళకు మినహాయింపు లేదు. ఒక్కసారిగా నాలుగైదు పడిపోతే కోసుకు తినేయడం, కాలువలో పారేయడం రెండూ చేయకూడదు. పశువైద్యశాలకు చెప్పాలి. బాగా ఉడికిన మాంసంతో భయం లేదు. ప్రమాదం చచ్చిన కోడిని ముట్టుకోవడంలో, కోయడంలో ఉంది.

కోతకు ఒక్క రోజు పెట్టుకోవడం కన్నా, ముప్పయ్యో రోజు నుంచి వారానికి రెండు చొప్పున తీస్తూ పోవడం తెలివైన పని. అప్పటికే కిలోన్నర దగ్గర ఉంటాయి. మిగిలినవాటికి చోటు, గాలి పెరుగుతాయి, ఊకకు తడి తగ్గుతుంది. కనుమకు మిగిలినవాటిని పల్లెల్లో మాంసం పోగులు పెట్టుకున్నట్టే కలిసి వేసిన ఇళ్ళ మధ్య పంచుకోవచ్చు. ‘ఒకటి రెండు ఉగాది దాకా ఉంచుదాం’ అన్న ముచ్చట మాత్రం వద్దు. ఆరు వారాలు దాటితే బరువును కాళ్ళు మోయలేవు, గుండె మోయలేదు. పొద్దున మేత తిన్న కోడి పది గంటలకు వెల్లకిలా పడి ఉంటుంది. కోసే ముందు రాత్రి నుంచి మేత ఆపి నీళ్ళు మాత్రం ఉంచితే పేగులు ఖాళీగా ఉండి మాంసం శుభ్రంగా వస్తుంది. నాటు కోడిలా పసుపు రాసి మంట మీద కాలిస్తే దీని తోలు చిరిగి కొవ్వు కారుతుంది. గంటసేపు పులుసులో ఉడికితే ముక్క పీచు పీచవుతుంది. పావుగంట, ఇరవై నిమిషాల ఇగురుకు తగిన మాంసం ఇది. గారెల్లోకి పులుసు కావాలంటే నాటు కోడే కోయాలి.

ఇంత కాపలా కాయలేనివారికి, కొబ్బరితోట ఉన్నవారికి వనరాజ సరైన దారి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన జాతి అది. కిలో పైచిలుకు తూగడానికి పది పన్నెండు వారాలు పడుతుంది, కానీ మొదటి నెల దాటాక తోటలో ఏరుకు తింటుంది, నూకలూ తవుడూ దానికి సరిపోతాయి. ముంగిసను, జెర్రిపోతును చూసి పరిగెత్తగలదు. బాయిలర్ పరిగెత్తలేదు, కాబట్టి దాని గూటికి సన్న కన్ను జాలీ తప్పదు.

బ్యాచ్ అయిపోయాక తీసిన ఊకను వెంటనే మొక్కల మొదట్లో వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి. రెండు మూడు నెలలు కుప్పపోసి, తొలకరికి కొబ్బరి పాదుల్లో వేస్తే మంచి ఎరువు. గూడు కడిగి, సున్నం కొట్టి, కనీసం రెండు వారాలు ఎండ తగిలేలా వదిలేయాలి. ఆ తర్వాత మాఘంలో ఇంకో బ్యాచ్‌కు వీలుంటుంది. శివరాత్రి వెళ్ళాక వేసేది ఏప్రిల్ ఎండలో కోతకు వస్తుంది. అక్కడ ఆపేసి, మళ్ళీ కార్తీకం వెళ్ళేదాకా గూడు ఖాళీగా ఉంచడమే మేలు.